నక్క తోక తొక్కాననుకున్నా!

అదృష్టం కలిసొచ్చినవాణ్ని చూసి మనవాళ్లు ‘నక్క తోక తొక్కాడ్రా’ అంటారు. నేను తోక తొక్కలేదు కానీ, నక్క నోటికి మాత్రం చిక్కాను.

సంక్రాంతి సెలవులకి ఊరెళ్లా. ఓ రోజు పొద్దున్నే బాబాయితో కలిసి మొక్కజొన్న చేనుకి బయల్దేరా. ఇంకా మంచు వీడలేదు. గట్టు మీద ఓ నక్క నిలబడి ఉంది. మామూలుగా మన అలికిడి వింటేనే నక్కలు పొదల్లోకి మాయమైపోతాయి. ఇది కదల్లేదు. పైగా నావైపే నడిచొస్తోంది. ‘భలే ఛాన్స్’ అనుకుంటూ ఫోన్ తీశా. ‘రా రా, భయపడకు’ అంటూ రీల్ కోసం వీడియో మొదలెట్టా.

‘ఒరేయ్, వెనక్కి రా!’ అని బాబాయి అరుస్తూనే ఉన్నాడు. అంతలోనే అది నా పిక్క పట్టుకుంది. ఆయన కర్రతో పరిగెత్తుకొచ్చేసరికి వదిలేసి చేలోకి వెళ్లిపోయింది. చూస్తే రెండు పంటి గాట్లు, కొద్దిగా రక్తం. అంతే.

పక్క చేలోని పెద్దాయన వచ్చి ‘కారం అద్దండి, విషం లాగేస్తుంది’ అన్నాడు. ఇంకొకరు పసరు కట్టమన్నారు. బాబాయి ఎవరి మాటా వినలేదు. నన్ను బోరు దగ్గరికి లాక్కెళ్లి మోటారు వేశాడు. షెడ్డులోంచి సబ్బు తెచ్చి, ‘ఫోన్లో 15 నిమిషాలకి టైమర్ పెట్టు’ అన్నాడు. రెండు నిమిషాలకే ‘చాలు బాబాయ్, చలేస్తోంది’ అన్నా. ఆయన నా కాలు వదల్లేదు.

అప్పుడే చెప్పాడు. చిన్నప్పుడు తన పక్కన కూర్చునే కుర్రాణ్ని పిచ్చికుక్క కరిచిందట. చిన్న గాటే కదా అని ఇంట్లోవాళ్లు పసరు కట్టి ఊరుకున్నారు. గాయం మానింది. బడికీ వచ్చాడు. రెండు నెలల తర్వాత జ్వరం. దాహమేసి గ్లాసు అందుకుంటే చాలు, గొంతు బిగుసుకుపోయేది. ‘నాలుగు రోజుల్లో పోయాడ్రా’ అన్నాడు బాబాయి, నా కాలి మీద నీళ్లు పోస్తూనే.

అక్కణ్నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లాం. డాక్టర్ గాయం చూసి, ‘కుక్కయితే టీకా మొదలుపెట్టి, దాన్ని 10 రోజులు గమనించొచ్చు. నక్కని ఎక్కడని వెతుకుతాం? అందుకే అడవి జంతువు కరిస్తే గాటు చిన్నదైనా పెద్ద ప్రమాదం కిందే లెక్క’ అన్నారు. ముంగిసైనా, కోతైనా అంతేనట. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు ఉంటాయేమోనని భయపడ్డా. అవి ఎప్పుడో పోయాయన్నారు. టీకాతో ఒంట్లో రక్షణ తయారవడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి, ఆలోపు వైరస్‌ని అడ్డుకునేందుకు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇచ్చారు. తర్వాత భుజాలకి టీకా. మళ్లీ 3, 7, 28 రోజుల్లో రమ్మన్నారు.

ఏడో రోజుకి నేను హైదరాబాద్ హాస్టల్లో ఉన్నా. గాయం మానిపోయింది. నొప్పి లేదు. మర్నాడు ఇంటర్నల్స్. ‘ఇప్పుడు వెళ్లకపోతే ఏమవుతుందిలే’ అనుకుంటూ దుప్పటి కప్పుకున్నా. అప్పుడు గుర్తొచ్చాడు బాబాయి పక్కన కూర్చునే కుర్రాడు. వాడి గాయమూ మానింది. వాడికీ బాగానే ఉంది. కరిచిన చోటు నుంచి వైరస్ నరాల వెంట చప్పుడు లేకుండా మెదడు వైపు వెళ్తుంది. దానికి మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. లక్షణాలు కనపడ్డాయంటే బతకడం దాదాపు అసాధ్యం. మన చేతిలో ఉండేది మధ్యలోని ఆ సమయమే. లేచి, చెప్పులేసుకుని వెళ్లా. 28వ రోజు డోసూ మానలేదు.

ఆ నక్కకి రేబిస్ ఉందో లేదో ఇప్పటికీ తెలీదు. మన దేశంలో ఈ జబ్బు ఎక్కువగా కుక్కల నుంచే వస్తుంది. నక్క కనపడితే కర్ర తీసుకుని వెంటపడాల్సిన పన్లేదు. దాని దారిన దాన్ని వెళ్లనిస్తే చాలు. కానీ ట్రెక్కింగ్‌లోనో, పొలం గట్టునో, అడవి జంతువు మనల్ని చూసి జంకకుండా దగ్గరికొస్తే, అది స్నేహం అనుకోకండి. ఫోన్ జేబులో పెట్టి వెనక్కి జరగండి.

ఆ వీడియో ఇంకా నా దగ్గరే ఉంది. 11 సెకన్లు. ఎక్కడా పోస్ట్ చేయలేదు. ‘రా రా, భయపడకు’ అంటున్న నా గొంతు వింటే ఇప్పటికీ పిక్క జివ్వుమంటుంది.