చతుర్ముఖ పారాయణానికో గది

మదీనాగూడ అపార్టుమెంట్లలో పిల్లల ఐటీ ఉద్యోగాల వల్ల సొంతూరు వదిలొచ్చిన పెద్దలు చాలామందే. వాళ్లు తంబోలానో చతుర్ముఖ పారాయణమో మొదలుపెడితే "ఈ వయసులో ఇదేం సరదా, ఇంట్లో మనవలున్నారుగా" అంటాం. మనవలు స్కూలుకెళ్తే సాయంత్రం దాకా ఇల్లు ఖాళీయే. పైగా మనవణ్ని ముద్దుచేయడం వేరు, సాటివాడితో జోకరు ముక్క కోసం పోట్లాడడం వేరు. న్యూయార్క్‌లో 75 దాటిన 469 మందిని ఏళ్ల తరబడి గమనించి 2003లో వెలువరించిన అధ్యయనంలో చదవడం, బోర్డు ఆటలు, వాయిద్యం, డ్యాన్సు అలవాటున్నవాళ్లకు డిమెన్షియా ముప్పు తక్కువని తేలింది. మెదడు బాగున్నవాళ్లే ఆడతారు కదా అనొచ్చు. న్యాయమైన అనుమానమే. జబ్బు అప్పటికే మొదలై ఉండొచ్చనుకున్నవాళ్లను పక్కనపెట్టి లెక్కేసినా ఫలితం నిలబడింది. అయినా ఆటే కాపాడిందని అది రుజువు కాదు. కాకపోతేనేం, నవ్వుకోడానికి డాక్టరు చీటీ కావాలా? ముంబయిలో మదన్ కటారియా 1995లో నవ్వుల క్లబ్బు మొదలుపెట్టింది పార్కులో, అయిదుగురితో.

ఇక పెద్దల ఆటలకో గదంటే మెయింటెనెన్స్ డబ్బు దండగంటారా? జిమ్ముకు ట్రెడ్‌మిల్ కొన్నప్పుడు ఆ మాట ఎవరూ అనరు. అష్టాచమ్మాకు కావలసింది నాలుగు గవ్వలు, ఒక సుద్దముక్క. ఈసారి అసోసియేషన్ మీటింగులో కమ్యూనిటీ హాలు తాళంచెవి రోజూ పదకొండింటికల్లా పెద్దల చేతికివ్వమని అడగండి.