పంకాల విమానము

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలోని మా యింట భోజనపు బల్ల సొరుగునందు నిలువు గీతల జమాఖర్చుల పుస్తకమొకటి గలదు. 2015 జూన్ మొదలు 2025 అక్టోబరు వరకు మా కుమార్తె విమానచోదక విద్యకై మేము వెచ్చించిన ప్రతి రూపాయియు, తెచ్చిన ప్రతి అప్పును, కట్టిన ప్రతి వడ్డీయు అందులో నా చేతివ్రాతతోనే యున్నవి. అందు 2018 డిసెంబరు నాటి పుట తిరుగవేసినపుడెల్ల నాకు మనస్సు కలుక్కుమనును. ఆ పుట కొరకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను. ఏలయన మా కాలనీలోనే మరి యిద్దరు ముగ్గురు తల్లిదండ్రులు నేడు అదే పుట వ్రాయుటకు కలము చేతబట్టి కూర్చుండియున్నారని వినుచున్నాను.

మా వీథిలో ఇంటరు ముగించిన పిల్లలలో అధికులు ఇంజనీరింగు చదివి, హైటెక్ సిటీలో ఉద్యోగములు సంపాదించి, ఎంఎంటీఎస్ రైలులోనో కంపెనీ క్యాబులోనో పోయి వచ్చువారు. మా అమ్మాయి దృష్టి మాత్రము చిన్ననాటినుండియు ఆకాశము మీదనే యుండెను. 2008 మార్చి 23న శంషాబాదు విమానాశ్రయము తెరవబడి, బేగంపేటలో ప్రయాణిక విమానముల రాకపోకలు నిలిచిపోవువరకు, సాయంకాలములందు దిగు విమానములు మా డాబా మీదికి కనబడెడివి. ఆమె వాని తోకల రంగులను జూచి సంస్థల పేర్లు చెప్పెడిది. ఆ బేగంపేటయే మన నగరపు విమానయానమునకు పుట్టినిల్లు. నిజాము ప్రభుత్వమును టాటాలును కలిసి 1945లో నెలకొల్పిన దక్కన్ ఎయిర్‌వేస్ అచ్చటినుండియే డకోటా విమానములను నడిపెను. 1947లో లైసెన్సు పొంది, స్త్రీ యను కారణమున పెక్కు సంస్థలు త్రోసిపుచ్చిన ప్రేమ్ మాథుర్‌ను కో-పైలట్‌గా చేర్చుకొన్నదియు ఆ సంస్థయే. ఈ కథను మా అమ్మాయికి చెప్పినవాడను నేనే గనుక, ఆమె పైలట్ నగుదునని పట్టుబట్టినపుడు కాదనుటకు నాకు నోరు రాలేదు.

మొదటి పని సరిగానే చేసితిమి. రుసుము కట్టుటకు మునుపే క్లాస్ 1 వైద్య పరీక్ష చేయించితిమి. కంటిలోనో చెవిలోనో లోపమున్నదని లక్షలు కట్టిన పిమ్మట తెలిసి వెనుదిరిగిన పిల్లలను నేనెరుగుదును. కమర్షియల్ పైలట్ లైసెన్సునకు 200 గంటలు ఎగురవలెను. నావిగేషను, వాతావరణ శాస్త్రము, విమాన నియమములు, సాంకేతిక విషయములు మొదలగు పరీక్షలు నెగ్గవలెను. అన్నియు కలిసి మాకు 42 లక్షలైనవి. సంగారెడ్డి దారిలోని స్థలము అమ్మగా 14 లక్షలు వచ్చినవి. నా భవిష్యనిధినుండి 6 లక్షలు తీసితిని. తక్కిన 22 లక్షలకు ఈ యిల్లే తాకట్టు పెట్టి నూటికి 11 వడ్డీపై బ్యాంకులో విద్యాఋణము తెచ్చితిమి. చదువు సాగుచున్నంత కాలము అసలు కట్టనక్కరలేదని బ్యాంకువారు చెప్పినను, వడ్డీ మాత్రము నెలనెల చెల్లించితిమి. అట్లు చేయనిచో అది పెరిగి పెరిగి అసలులో చేరి యుండెడిది. ఆ ఋణమునకు చెల్లించు వడ్డీపై ఆదాయపు పన్నులో 80ఈ సెక్షను క్రింద ఎనిమిది సంవత్సరముల వరకు మినహాయింపు గలదని మా కార్యాలయపు అకౌంటెంటు చెప్పువరకు నేనెరుగను. పాత పన్ను విధానములో నున్నవారు దీనిని విడువరాదు.

2018 ఫిబ్రవరిలో లైసెన్సు చేతికి వచ్చెను. ఉద్యోగము రాలేదు. పది మాసములు గడచినవి. పైలట్ లైసెన్సు చేతిలో నున్నంత మాత్రమున పెద్ద విమానము నడపుటకు వీలులేదు. ఏ రకపు విమానము నడపదలచిరో ఆ రకమునకు వేరుగా శిక్షణ పొంది, సిమ్యులేటరులో పరీక్ష నెగ్గి, దాని పేరు లైసెన్సుపై నెక్కించుకొనవలెను. దీనినే టైప్ రేటింగ్ అందురు. ఆ దినములలో ఉద్యోగములకు సలహాలిచ్చు ఒకాయన మా యింటికి వచ్చి, ఇదే బల్ల ముందు కూర్చుండి, "ఇప్పుడు కొంటున్నవన్నీ ఎయిర్‌బస్సులే సార్. ఏ320 రేటింగ్ చేతిలో ఉన్న పిల్లల్ని ముందు పిలుస్తారు" అనెను. మా ఆవిడ వంటింటి గుమ్మములో నిలిచి ఒక్క మాట అడిగినది: "ఏ కంపెనీ పిలవకుండానే ఏ విమానమో మనమెలా తేలుస్తామండీ?"

ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేదు. అయినను సంతకము చేసితిని. సికింద్రాబాదునకు పోవునపుడెల్ల ఫిరోజ్‌గూడలో ఒకప్పటి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌వారి శిక్షణ కేంద్రపు గోడను చూచుచు, దాని లోపల సిమ్యులేటరులలో ఎయిర్‌బస్ పైలట్లు తయారగుదురని యేండ్లతరబడి విని యుండుటచేత, ఎయిర్‌బస్ అనిననే పైలట్ ఉద్యోగమను భావము నాలో గట్టిపడియుండెను. విద్యాఋణమునకు ఇంక తావులేదు గనుక ఆ రేటింగు శిక్షణకై నూటికి 13 వడ్డీపై వ్యక్తిగత ఋణము 17 లక్షలు తెచ్చితిమి. అయిదు సంవత్సరములు, 60 వాయిదాలు, వాయిదాకు 38,680 రూపాయలు. దీని వడ్డీకి 80ఈ మినహాయింపు సైతము లేదు. మరుసటి నెలనుండియే విద్యాఋణపు వాయిదా 30,305 రూపాయలు మొదలయ్యెను. రెండును కలిసి నెలకు 68,985. నా జీతమును, ఉపాధ్యాయినియైన మా ఆవిడ జీతమును కలిపి, ఇంటి ఖర్చును బిగపట్టగా ఎట్లో సరిపోయెను.

రేటింగు చేతికి వచ్చిన కొలది మాసములకు, 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ నిలిచిపోయినది. వేల గంటలు ఎగిరిన పైలట్లు వందలకొలది ఉద్యోగములకై వెదకుచుండగా, 200 గంటల పిల్లను పిలుచువారెవ్వరు? అటుపిమ్మట కరోనా వచ్చి, 2020 మార్చి 25 నుండి రెండు మాసములు దేశీయ విమానములు నేలకు పరిమితమైనవి. టైప్ రేటింగ్ ఒకమారు ఎక్కించిన చిరకాలము నిలుచునది కాదు. నడపక కాలము గడచినచో మరల సిమ్యులేటరులో పరీక్ష ఇచ్చి పునరుద్ధరించుకొనవలెను. మా అమ్మాయి రేటింగు అట్లు కాలదోషము పట్టెను. దానిని నిలుపుటకు మరికొన్ని లక్షలు పెట్టుమని కొందరు చెప్పిరి. ఆ దినమున మేము పెట్టబోమంటిమి. ఈ పదేండ్లలో మేము చేసిన మంచి నిర్ణయములలో అది యొకటి. వాయిదాలకు రిజర్వు బ్యాంకు ఆరు మాసముల విరామమిచ్చినను, జీతములు వచ్చుచున్నంతవరకు దానిని వాడుకొనరాదని నిశ్చయించుకొంటిమి. విరామకాలములోను వడ్డీ నడచుచునే యుండునుగదా. అమ్మాయి ఒక కోచింగ్ కేంద్రములో నావిగేషను పాఠములు చెప్పుచు తన చేతిఖర్చు తాను చూచుకొన్నది.

2022లో ఒక సంస్థ పిలిచెను. పరీక్షలు, మౌఖికము, సిమ్యులేటరు అన్నియు నెగ్గినది. నియామకపత్రములో విమానము పేరు జూచి నేను దిగాలుపడితిని. అది ఏటీఆర్ 72-600. రెండు పంకాల టర్బోప్రాప్. మా బంధువులలో ఒకరు ఫోనులో, "అంత ఖర్చు పెట్టి చివరికి పంకాల విమానమా బావగారూ" అనినపుడు నాకు మాట రాలేదు. అమ్మాయి మాత్రము ఆ కాగితమును బల్ల మీద పరచి, చేరిక తేదీ యున్న పంక్తిని వ్రేలితో చూపి, "నాన్నా, ముందు నంబరు పడాలి. విమానం తర్వాత మారుతుంది" అన్నది. ఏటీఆర్ శిక్షణ వ్యయమును సంస్థయే భరించి, బదులుగా కొన్ని సంవత్సరముల సేవా ఒప్పందము వ్రాయించుకొన్నది.

ఆమె చెప్పిన నంబరు సీనియారిటీ సంఖ్య. దాని విలువ నాకు మెల్లగా బోధపడినది. చేరిన తేదీని బట్టి ఏర్పడు ఆ వరుసయే పిమ్మట ఏ ఊరు కేంద్రముగా ఎగురవలెనో, ఎప్పుడు పెద్ద విమానమునకు మారవచ్చునో, కుడి కుర్చీనుండి ఎడమ కుర్చీకి, అనగా కెప్టెన్ స్థానమునకు, ఎప్పుడు పిలుపు వచ్చునో చాలవరకు నిర్ణయించును. సంస్థ మారినచో ఆ వరుస వెంటరాదు. క్రొత్తచోట మరల చివరినుండి మొదలు. క్రొత్తగా చేరినవారికి ఏ విమానమిత్తురనునది వారి కోరికను బట్టి గాక, ఆ మాసమున ఏ తరగతిలో ఖాళీ యున్నది, సిమ్యులేటరు ఎప్పుడు దొరకును, ఏ విమానమునందు ఎందరు కెప్టెన్లగుచున్నారు అను లెక్కలను బట్టి యుండును. 2023లో ఎయిర్ ఇండియా 470 విమానములకును, ఇండిగో 500 విమానములకును ఆర్డర్లు పెట్టినవని పత్రికలలో చదివి, ఇక ప్రతి పైలట్‌కును ఎయిర్‌బస్సే యని పొంగిపోవువారు గలరు. ఆ విమానములు వచ్చునవి ఒక్క దినమున గాదు, అనేక సంవత్సరములకు. మన పిల్ల చేరు దినమున ఏది ఖాళీగా నున్నదో అదియే ఆమెది.

ఇంకొక సత్యము గూడ ఆ రోజులలోనే తెలిసినది. విమానముకంటె సంస్థ ముఖ్యము. హైదరాబాదు కేంద్రముగా 2015 జూలైలో మొదలైన ట్రూజెట్ ఏటీఆర్‌లనే నడిపి 2022 ఆరంభమున ఆగిపోయెను; ఎయిర్‌బస్‌లు నడిపిన కింగ్‌ఫిషర్ 2012లోను, గో ఫస్ట్ 2023 మే నెలలోను ఆగినవి. చిన్న విమానమైనను పెద్ద విమానమైనను, సంస్థ మూతపడిన దినమున వాయిదా తేదీ మాత్రము మారదు.

ఏటీఆర్ జీవితము తేలిక యైనది గాదు. రాజమహేంద్రవరము, తిరుపతి, కడప వంటి ఊళ్లకు గంట, గంటన్నర ప్రయాణములు. ఒక దినమున నాలుగు మారులు ఎక్కి దిగుట. వర్షాకాలపు మబ్బులకు పైగా పోలేక, వాని నడుమ దారి వెదకుకొని పోవుట. ఎయిర్‌బస్‌వారితో పోల్చినచో గంటలు నెమ్మదిగా పోగగును, జీతమును తక్కువ. కాని దిగుటలో వచ్చు అనుభవము మాత్రము మెండు. ఒకనాటి రాత్రి ఆమె లాగ్‌బుక్కును ఇదే బల్ల మీద తెరచి నాకు చూపినది. నీలి సిరా వరుసలు. ప్రతి వరుసలో బయలుదేరిన చోటు, దిగిన చోటు, నిమిషములు. నా జమాఖర్చుల పుస్తకమును ప్రక్కన పెట్టి చూచితిని. ఒక పుటలో ఆమె గంటలు, వేరొక పుటలో మా వాయిదాలు. ఒకటి పెరుగుచుండగా రెండవది తరుగుచున్నది.

2022 చివరినుండి వ్యక్తిగత ఋణపు వాయిదాను ఆమెయే కట్టినది. 2023 నవంబరులో ఆ అప్పు తీరినది. అప్పటికి దానికై మేమందరము కట్టినది 23 లక్షల 20 వేల 800 రూపాయలు. నాటికి విద్యాఋణములో 14 లక్షల 11 వేలు మిగిలియుండెను. తీరిన వాయిదాను ఇంటి ఖర్చులో కలిసిపోనీయక, ఆ 38,680 రూపాయలను మరుసటి నెలనుండియే విద్యాఋణమునకు మళ్లించితిమి. క్రొత్త వాహనము కొందమని, విదేశయాత్ర పోదమని యింట మాట వచ్చినది. వాయిదా తీర్చిన చేయి దానికి అలవాటుపడి యున్నప్పుడే ఆ పైకమును రెండవ అప్పు మీద వేయవలెనని నేను గట్టిగా పట్టుబట్టితిని. అట్లు 23 వాయిదాలలో, 2028 డిసెంబరు వరకు సాగవలసిన ఋణము 2025 అక్టోబరునకే ముగిసినది. మధ్యలో చేసిన క్రొత్త ఖర్చు ఒక్కటే: లైసెన్సు పోయినచో ఆదుకొను బీమా. ప్రతి సంవత్సరము వైద్య పరీక్షపై ఉద్యోగము వ్రేలాడుచుండు వృత్తిలో, తాకట్టులో ఇల్లున్నవారు దీనిని విడుచుట తగదు.

2025 వేసవిలో ఆమె మొత్తము 1,500 గంటలు దాటి, ఏటీపీఎల్ అను పెద్ద లైసెన్సునకు అర్హురాలయ్యెను. అప్పుడే రెండు దారులు ఎదురైనవి: ఎయిర్‌బస్‌కు మారి మరల కొన్నేండ్లు కుడి కుర్చీలో, అనగా ఫస్ట్ ఆఫీసర్ స్థానములో, నుండుట, లేదా ఏటీఆర్ మీదనే నిలిచి కెప్టెన్ శిక్షణకు పోవుట. 2018లో నైనచో నేను ఆలోచింపకుండ ఎయిర్‌బస్ అని యుందును. ఈ మారు ముగ్గురమును బల్ల చుట్టు కూర్చుండి, ఏటీఆర్ కెప్టెన్ జీతము ఎయిర్‌బస్ ఫస్ట్ ఆఫీసర్ జీతముకంటె ఎక్కువయనియు, కెప్టెన్‌గా ఎగిరిన గంటలు పిమ్మట ఏ విమానమునకు పోయినను లెక్కకు వచ్చుననియు వ్రాసి చూచుకొంటిమి. ఆమె ఏటీఆర్‌నే ఎంచుకొన్నది.

ఈ దారిలో పిల్లలను పంపదలచిన మా వీథి తల్లిదండ్రులకు నేను చెప్పునది ఇంతే: లైసెన్సు వరకు అప్పు చేయుడు, కాని విమానము పేరుతో అప్పు చేయకుడు; వాయిదా లెక్క వేయునపుడు, పిల్లకు అన్నిటికంటె చిన్న విమానము వచ్చినట్లును, ఉద్యోగము మూడేండ్లు ఆలస్యమైనట్లును వేసికొనుడు. అట్లు వేసినను లెక్క నిలుచుచున్నచో నిశ్చింతగా పంపుడు.

అప్పు పూర్తిగా తీరిన 30 దినముల లోపల తాకట్టు పత్రములు తిరిగి ఈయవలెనని రిజర్వు బ్యాంకు నియమము గలదు. బ్యాంకువారు నవంబరు రెండవ వారములో మా యింటి దస్తావేజులను నా చేతికిచ్చిరి. జమాఖర్చుల పుస్తకములో ఎయిర్‌బస్ పేరిట ఖర్చు 23 లక్షల 20 వేల 800, రాబడి సున్న. విద్యాఋణపు చివరి 23 వాయిదాల ఎదుట వ్రాసినది ఏటీఆర్ జీతము.