తిరిగొచ్చిన బ్రేకు

డాక్టర్లకూ ఇంజనీర్లకూ ఉమ్మడిగా ఒక తలనొప్పి ఉంది. పరీక్షకు తెచ్చేసరికి రోగం మాయమైపోవడం! రాత్రంతా జ్వరంతో మూలిగిన పిల్లాడు, పొద్దున్నే డాక్టరైన మా ఆవిడ ముందుకొచ్చేసరికి చలాకీగా నవ్వుతుంటాడు. మలేరియా సంగతి తెలిసిన మనిషి కనుక ఆ నవ్వు చూసి ఆవిడ పంపించెయ్యదు, రక్తపరీక్ష రాస్తుంది. బండ్లకు కూడా ఇలా వచ్చిపోయే జ్వరాలుంటాయి.

కాకినాడలో ఇంజనీరింగు చదివిన నేను ఉద్యోగరీత్యా 2013లో యాంగోన్ వచ్చి బోటాటౌంగ్‌లో కాపురం పెట్టాను. ఒకప్పుడు మా ఊరి పక్కనున్న కోరంగి రేవులో ఓడెక్కిన మనవాళ్ళు వచ్చి ఈ జెట్టీల మీదే బస్తాలు మోశారు. ఆ రేవు పేరే ఇక్కడ మనవాళ్ళకు పేరైపోయింది. మేమొచ్చేనాటికి ఆ మోతలో కొంత పికప్ బండ్లు మోస్తున్నాయి. అటువంటి పాత జపాన్ పికప్ ఒకటి మా వీధిలో ఒక పెద్దాయనకు ఉండేది. తాతలనాటి నుంచీ ఇక్కడే ఉన్న కుటుంబం. మేమంతా బాబాయిగారూ అనేవాళ్ళం.

2015 కార్తీకంలో ఒక సాయంత్రం, థాన్లిన్ నుంచి లోడుతో వస్తుంటే స్ట్రాండ్ రోడ్డు మీద ఆయన బ్రేకు పెడల్ నేలకంటిపోయింది. గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేకు లాగి ఎలాగో ఆపారట. అరగంట తరువాత నొక్కి చూస్తే పెడల్ మామూలే! మెకానిక్కు చూసి, "ఏమీ లేదు, గాలి చేరి ఉంటుంది" అన్నాడు.

వచ్చిన చిక్కేమిటంటే, ఆ ఆదివారం మన కుటుంబాలు వనభోజనాలకు థాన్లిన్ వెళ్ళాలి. పిల్లలందరినీ ఆ పికప్‌లోనే ఎక్కించాలని అప్పటికే నిశ్చయమైంది.

"ఇప్పుడు బాగానే పడుతోందిగా, ఇంజనీరు బాబూ" అన్నారు బాబాయిగారు.

"అదే భయంగా ఉంది బాబాయిగారూ" అన్నాను.

మర్నాడు చూడటం మొదలుపెట్టాను. బ్రేకాయిలు డబ్బాలో నిండుగా ఉంది. చక్రాల లోపలివైపు ఎక్కడా తడి లేదు. అంటే బయటికి కారడం లేదు. ఇంజన్ ఆపి, పెడల్ నాలుగైదు సార్లు తొక్కి, గట్టిగా అదిమి పట్టుకున్నాను. మెల్లగా దిగిపోతే మాస్టర్ సిలిండరు లోపల వాషర్లు పోయినట్టు. దిగలేదు. తొక్కితే మెత్తగా, స్పాంజిలా ఉంటే గొట్టాల్లో గాలి ఉన్నట్టు. అదీ లేదు. చల్లగా ఉన్నప్పుడు అన్నీ సవ్యంగానే ఉంటే, వేడెక్కించి చూడాలి కదా!

ఖాళీ బండిని నెమ్మదిగా, వీలైనంత వరకు బ్రేకు వెయ్యకుండా కొంతదూరం తిప్పి తెచ్చాం. ఒక్కొక్క చక్రం దగ్గరా చెయ్యి పెట్టి చూస్తే, ముందు ఎడమ చక్రం దగ్గర సెగ కొట్టింది, మాడు వాసన కూడా. జాకీ ఎత్తితే ఆ చక్రం చేత్తో తిరగలేదు. నిపుల్ వదులు చెయ్యగానే ఆయిలు చివ్వున చిమ్మింది, చక్రం తిరిగింది! నిపుల్ విప్పినా తిరగకపోతే క్యాలిపరు పట్టేసిందని అనుకోవాలి. తిరిగిందంటే పాత రబ్బరు హోసు లోపల ఉబ్బి దారి మూసుకుపోయిందన్నమాట. కాలి బలానికి ఆయిలు లోపలికి వెళుతోంది, కాలు తీశాక వెనక్కి రావడం లేదు. బ్రేకు పట్టుకునే ఉంటోంది, చక్రం కాగుతోంది.

ఇక ఆ ఆయిలు సంగతి. కషాయంలా ఉంది. బ్రేకాయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ప్రమాణాల ప్రకారం డాట్ 3 రకం కొత్త ఆయిలు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. ఏడాదికి రెండున్నర మీటర్లకు పైగా వాన కురిసే ఊరు మనది! మరిగిన ఆయిల్లో ఆవిరి బుడగలు పుడతాయి. కాలి బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే సరిపోతుంది, చక్రానికి చేరదు. చల్లారాక ఆవిరి మళ్ళీ ద్రవమవుతుంది, పెడల్ తిరిగొస్తుంది. మెకానిక్కు చూసింది ఆ తిరిగొచ్చిన పెడల్‌నే.

దీనికితోడు 2011 తరువాత దిగుమతులు పెరిగి రోడ్లు కార్లతో నిండిపోయాయి. 1970 నుంచి ఇక్కడ కుడివైపు నడపాలి, బాబాయిగారి బండి స్టీరింగూ కుడివైపే. ముందున్న బస్సు పక్కనుంచి ఎదురొచ్చేది కనపడదు, మాటిమాటికీ బ్రేకు తొక్కాల్సిందే.

హోసులు రెండువైపులా మార్చాలి, పాత ఆయిలంతా తీసెయ్యాలి అన్నాను. బండి రెండు రోజులు ఆగితే రెండు రోజుల కిరాయి పోతుంది. బాబాయిగారు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "పిల్లలు ఎక్కే బండి బాబూ, కానియ్యండి" అన్నారు. హోసులు దొరికేసరికి సోమవారమైంది. ఆదివారం మేము అద్దె బస్సులో వెళ్ళాం. బాబాయిగారు కూడా మాతోనే వచ్చి, దారి పొడుగునా ఆ డ్రైవరుకి సలహాలిస్తూ కూర్చున్నారు!

నేను చెప్పొచ్చేదేమిటంటే, ఒకసారి పోయిన బ్రేకు తనంతట తానే బాగుపడితే సంతోషించి ఊరుకోకండి. ఎందుకు పోయిందో తెలిసేదాకా బండి తియ్యకండి. రెండేళ్ళకోసారి బ్రేకాయిలు మార్పించండి. ఏ చక్రమైనా మిగతావాటికంటే వేడెక్కుతుంటే అశ్రద్ధ చెయ్యకండి. ఈ ఉగాదికి బంధుమిత్రుల ఇళ్ళకు వెళ్ళే మీరంతా క్షేమంగా వెళ్ళి లాభంగా రావాలని కోరుకుంటున్నాను.