క్యోతోలో నేను నేర్చిన మాట

జపాను భాష నేర్చుకొనుటకై క్యోతో నగరమునకు వచ్చిన తొలినాళ్లలో నన్ను మిక్కిలి భయపెట్టినవి అక్షరములు. మనకు లిపి యొక్కటియే. వారికి హిరగాన, కతకాన యని రెండు. ఒక్కొక్కదానిలో మూలాక్షరములు 46. ఇవిగాక చీనానుండి వచ్చిన కంజీలు కలవు. 2010లో ప్రభుత్వము సవరించిన నిత్యోపయోగ పట్టికలోనే యవి 2136.

వాక్యరీతి మాత్రము మనకు చుట్టమే. “వతాషి వ గోహన్ ఒ తబెమసు” అనగా “నేను అన్నము తిందును.” మనకువలెనే క్రియ చివర వచ్చును.

అయినను మొదటి కంజీ పరీక్షలో తప్పితిని. ఆ చలికాలపు సాయంకాలము, స్వదేశమునకు మరలిపోవ నిశ్చయించుకొని, బసకు వచ్చి వాకిట చెప్పులు విడుచుచుంటిని. లోపలినుండి ఇంటి యజమానురాలగు వృద్ధురాలు “ఒకాయెరి” యనెను. బయటినుండి వచ్చినవారు “తదాయిమా”, అనగా “ఇప్పుడే వచ్చితిని” అనుటయు, ఇంటివారు “ఒకాయెరి” యని యాదరించుటయు నచ్చటి యాచారము. అంతవరకు సిగ్గుచే నోరు మెదపని నేను ఆనాడు “తదాయిమా” యంటిని.

ఆమె సంతోషించి నన్ను కొతత్సుకడ కూర్చుండబెట్టెను. అది బొంత కప్పి, అడుగున విద్యుత్తుతో వెచ్చజేయు పొట్టిబల్ల. వేడి తేనీరిచ్చి, నేను తప్పిన యక్షరముల నొక్కొక్కటిగ వ్రాసి చూపెను. వానిలో నొకటి, ఇంటికప్పు క్రింద స్త్రీని చూపు గుర్తు; దాని యర్థము నెమ్మది.

మరలిపోవు తలంపు నాటితో దీరెను. పరదేశమున చదువబోవు సోదరీమణులారా! పుస్తకములతోపాటు వాకిట బలుకు మాటలను గూడ నేర్చుకొనుడు.