కదిలే ఇళ్ళు – నిలిచిన బిడారులు

హైదరాబాదు వాసులకు 'కార్వాన్' అన్న మాట వినగానే పాత నగరపు పేట ఒకటి జ్ఞప్తికి వస్తుంది. నేటి యువతరానికైతే చిత్రీకరణ స్థలంలో సినిమా తారలు విశ్రమించే వాహనం స్ఫురిస్తుంది. ఈ మాట పుట్టినది పారశీక భాషలో. దారిదోపిడీల భయంచేత బాటసారులు, వర్తకులు గుంపుగా సాగే ప్రయాణానికి పారశీకులు ఆ పేరు పెట్టారు. మన తెలుగులో దానినే బిడారు అంటాము. ఆ పదం ఐరోపా ఖండం చేరి, ఆంగ్లంలో చక్రాలపై నడిచే ఇంటికి పేరైంది. దాని చివరి ముక్క విడివడి 'వ్యాన్' అయి మన వీధులకే తిరిగి వచ్చింది. మాటలు కూడా మనుషుల వలెనే దేశాలు తిరిగి, వేషం మార్చుకొని, పుట్టినింటికి చేరుతాయి కాబోలు.

మా నివాసం అత్తాపూర్. మూసీకి ఆవలి వైపున, 1578లో కట్టిన పురానాపూల్‌కూ గోలకొండకూ నడుమ, కార్వాన్ పేట ఉన్నది. 1671లో నిర్మించిన టోలీ మసీదు ఆ దారి పూర్వవైభవానికి నేటికీ సాక్షి. ఇవతల మా అత్తాపూర్‌లో కుతుబ్‌షాహీల కాలపు ముష్క్ మహల్ శిథిలమై నిలిచి ఉన్నది. మా నెత్తిమీదుగా 2009లో తెరచిన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వంతెన 11 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. మా పేటలో చిరునామా అడిగితే వీధి పేరు చెప్పేవారు అరుదు. ఆ వంతెన స్తంభం అంకె చెబుతారు. 2008లో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమైన నాటి నుండి నేటి బిడారులు ఈ మార్గానే సాగుతున్నాయి. చదువులకు వెళ్ళే పిల్లలు, గల్ఫు దేశాలకు వెళ్ళే కూలీలు, బిడ్డలను చూడబోయే తల్లిదండ్రులు, అందరిదీ ఇదే దారి.

ఆ మూడవ కోవకు చెందిన మా దంపతులము అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాము. అక్కడ ఒకనాడు మా అల్లుడు, "మామగారూ, మీరు చరిత్ర పాఠాలు చెప్పినవారు. పాత చక్రాల ఇళ్ళ సమ్మేళనం ఒకటి జరుగుతోంది, చూసివద్దాం రండి" అన్నాడు. చక్రాల ఇల్లు అంటే కారు వెనుక తగిలించి లాగుకొనిపోయే చిన్న ఇల్లు. అక్కడివారు దానిని ట్రైలర్ అంటారు. మిల్‌ఫర్డ్ పట్టణం దాపున క్యాంప్ డియర్‌బార్న్ అనే విశాలమైన వనంలో ఆ సమ్మేళనం. మే నెల అయినా చలిగాలి వీస్తూనే ఉన్నది. కాలువ గట్టున జాతర బండ్లు విడిసినట్లు, చెట్ల కింద వరుసలుగా ఆ ఇళ్ళు నిలిచి ఉన్నాయి.

ఈ సమ్మేళనం జరిపే సంఘం పేరు టిన్ క్యాన్ టూరిస్ట్స్, అనగా డబ్బాల యాత్రికులు. 1919లో ఫ్లోరిడాలోని టాంపా నగరంలో ఇది ఏర్పడింది. ఒక ఖాళీ డబ్బాను కారు ముందు రేడియేటర్ మూతకు తగిలించుకొనడం వారి గుర్తు. విడిసిన చోటును శుభ్రంగా ఉంచడం, తోటి యాత్రికులతో సఖ్యంగా మెలగడం వారి నియమాలు. కొన్ని దశాబ్దాలకు ఆ సంఘం అంతరించగా, పాత వాహనాలపై మక్కువ గలవారు 1998లో దానిని పునరుద్ధరించారు.

అక్కడ మేము చూసిన ఇళ్ళు ఎన్నో రకాలు. కన్నీటి బొట్టు ఆకారంలో ఉన్న వాటిలో ఇద్దరు పడుకొనేంత చోటే ఉన్నది. వెనుక తలుపు పైకెత్తితే అదే వంటిల్లు. షాస్టా అనే వాటి పక్కగోడలకు చిన్న రెక్కలున్నాయి. వాలీ బయమ్ అనే ఆయన స్థాపించిన ఎయిర్‌స్ట్రీమ్ సంస్థవి విమానాల వలె అల్యూమినియం రేకులను రివెట్లతో బిగించి చేసినవి. అద్దం వలె మెరుస్తున్నాయి. 1959లో ఆ బయమ్ గారే కొందరు మిత్రులతో కేప్‌టౌన్ నుండి కైరో వరకు ఇటువంటి ఇళ్ళతో బిడారు నడిపించారట.

మమ్ము ఆకర్షించినది ఆ మెరుపు కాదు. ప్రతి ఇంటి తలుపూ తెరిచి ఉన్నది. ముక్కూ మొహం తెలియని మమ్మల్ని "లోపలికి రండి" అని పిలిచారు. ఒక వృద్ధురాలు కాఫీ ఇచ్చి, తన తండ్రి కొన్న ఆ ఇంటిలోని పొయ్యిని, మంచుగడ్డ పెట్టే పెట్టెను, తలుపు చట్రం మీద తోబుట్టువుల ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలను చూపించింది. కొంచెం ఆగి, తన తల్లిదండ్రులు మొదట కాపురమున్న చక్రాల ఇల్లు ఇది కాదనీ, అది ఎవరూ దాచలేదనీ చెప్పింది.

ఆమె చెప్పినది రెండవ ప్రపంచ యుద్ధకాలపు మాట. ఆ మిషిగన్‌లోనే విల్లో రన్ అనే చోట ఫోర్డ్ సంస్థ బాంబరు విమానాల కర్మాగారం నెలకొల్పింది. దేశం నలుమూలల నుండి వేలాది కార్మికులు వచ్చారు. ఉండడానికి ఇళ్ళు లేవు. భార్యాబిడ్డలతో బురదనేలల్లో ఇటువంటి ట్రైలర్లలోనే వారు చలికాలాలు గడిపారు. వారిని చూసి చుట్టుపక్కల ఊళ్ళవారు కొందరు ముఖం తిప్పుకున్నారు. చక్రాల ఇల్లు ఒకటే. వినోదానికి అందులో ఉన్నవాడు యాత్రికుడు. గతిలేక ఉన్నవాడు అనుమానించదగినవాడు. ఈ మాట మమ్మల్ని చాలాకాలం వదలలేదు.

ఎందుకంటే ఇదే కథ మన దేశంలో మరింత కఠినంగా నడిచింది. 1830 మే నెలలో ఏనుగుల వీరాస్వామి గారు చెన్నపట్నం నుండి పల్లకితో, డేరాలతో, పరివారంతో కాశీయాత్రకు బయలుదేరి, మన హైదరాబాదు మీదుగా సాగి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. ఆయన వ్రాసిన చరిత్ర 1838లో అచ్చయి మనకు మిగిలింది. ఆ రోజుల్లో అవే బాటల మీద జీవితమంతా గడిపిన బంజారాల చరిత్రను మాత్రం వారిచేత ఎవరూ వ్రాయించలేదు.

బంజారాలు, అనగా మన లంబాడీలు, ఎద్దులపై ధాన్యం, ఉప్పు వేసుకొని దేశమంతా సరఫరా చేసినవారు. 1632లో పీటర్ మండీ అనే ఆంగ్ల యాత్రికుడు 14,000 ఎద్దులున్న బిడారును చూసినట్లు వ్రాశాడు. ఆ బిడారుకే తండా అని పేరు. 1799లో శ్రీరంగపట్టణంపై దండెత్తిన ఆంగ్ల సేనకు సైతం తిండిగింజలు చేరవేసినది వారే. కోస్తా ఉప్పును లోనాడుకు మోసిన ఎరుకలవారిదీ ఇటువంటి వృత్తే. తరువాత రైళ్ళు వచ్చాయి. 1874లో వాడి నుండి హైదరాబాదుకు రైలుమార్గం పడింది. ఎద్దు వెనుకబడింది. వృత్తి పోయినవారికి పని చూపవలసిన బ్రిటిషు ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి, తిరుగుతూ బ్రతికే అనేక జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసింది. బాపట్ల సమీపాన స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఆ చట్టపు నీడలో వెలసినదే. 1952లో చట్టం రద్దయినా, ముద్ర మనుషుల మనసులలో నుండి అంత సులభంగా చెరగలేదు.

నేడు తండా అంటే ఊరు. నడిచే బిడారు పేరు నిలిచిన పల్లెకు పేరైంది. 1976 చట్టంతో తెలంగాణ ప్రాంతపు లంబాడీలకు షెడ్యూల్డు తెగల జాబితాలో స్థానం లభించింది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఐదువందలకు మించిన జనాభాగల తండాలు ఎన్నో స్వంత గ్రామపంచాయతీలయ్యాయి. మన కళాశాలల బల్లలపై నేడు వారి మనుమలు, మనుమరాళ్ళు కూర్చొని చదువుతున్నారు. ఇది సంతోషించదగిన మార్పు.

విద్యార్థులారా! పరదేశంలో మేము పాత రేకుల పెట్టెలను పట్టుపీతాంబరాల వలె దాచుకొనడం చూశాము. ధనమున్నవారి వేడుక అని దానిని కొట్టివేయలేము. తలుపు తెరిచి అపరిచితుని ఆహ్వానించే ఆ మర్యాద నేర్వదగినదే. అయితే వాహనాన్ని దాచుకోవడం సులభం. దానిలో తిరిగిన మనిషి మాటను దాచుకోవడం కష్టం. మనకు కార్వాన్, తండా అనే పేర్లు మిగిలాయి. వాటి వెనుక ఉన్న మనుషుల జ్ఞాపకాలు మిగలవలసి ఉన్నది. మీ తరగతిలో తండా నుండి వచ్చిన మిత్రుడుంటే, సెలవులలో అతని ఇంటికి వెళ్ళండి. అతని అవ్వను, తాతను అడగండి. వారి పెద్దలు ఏ బాటన నడిచారో, ఏ చెరువుగట్టున విడిశారో, ఏ ఊరివారు నీళ్ళిచ్చారో, ఏ ఊరివారు తరిమారో అడిగి, ఉర్దూలోనో, తెలుగులోనో, వారి గోర్‌బోలీలోనో వ్రాసి ఉంచండి. మన పత్రిక పుటలలో దానికి చోటు కల్పించవలసినదిగా సంపాదకవర్గానికి మా మనవి. ఆలస్యమైతే ఆ అవ్వలు ఉండరు.