అన్నం తిన్నారా?

'పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి' అన్నారు మన పెద్దలు. ఈ సామెతను మనం ఎదుటివారి రుచిని గౌరవించడానికి కాక, మన రుచిని సమర్థించుకోవడానికే ఎక్కువగా వాడుతూ ఉంటాం. నేనూ అలాగే వాడుకొన్నాను. అందువలన కలిగిన ఒక చిన్న అపరాధభావం ఏళ్ళ తరబడి నా మనస్సులో ఒక మూల పడి ఉండి, గత శీతకాలంలో ఢిల్లీలోని ఒక కొరియా భోజనశాలలో, ఆవిరి లేస్తున్న అన్నపు గిన్నె ముందు మళ్ళీ తల ఎత్తింది. ఆ సంగతిని మన పత్రిక పాఠకులతో పంచుకోవాలనే ఈ ప్రయత్నం.

వృత్తిరీత్యా నేను బాయిలర్ల మనిషిని. కాకినాడలో మెకానికల్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకొని, 1991లో మన సంస్థలో చేరి, రామగుండంలో పని నేర్చుకొని, ఆ తరువాత బదిలీపై సీపత్ చేరుకొన్నాను. బిలాస్‌పూర్ రైల్వే పట్టణం. రైలు ఉద్యోగాలకై తరాల క్రితమే వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ ఉండటం చేత మాకు ఆవపిండికి గాని, చింతపండుకు గాని ఏనాడూ కొరత కలుగలేదు. అక్కడికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న సీపత్‌లో మన విద్యుత్ కేంద్రానికి 2002లో శంకుస్థాపన జరిగింది. ఈ కేంద్రం నిర్మాణంలో ఒక వింత ఉన్నది. రెండవ దశకు చెందిన రెండు 500 మెగావాట్ల యూనిట్లు ముందుగా 2007, 2008 సంవత్సరాలలోనే సిద్ధం కాగా, మొదటి దశకు చెందిన మూడు 660 మెగావాట్ల యూనిట్లు ఆ తరువాత 2011, 2012 సంవత్సరాలలో వెలుగు చూశాయి. అన్నీ కలిపి 2,980 మెగావాట్లు.

ఆ మూడు పెద్ద యూనిట్లు మన సంస్థకు తొలి సూపర్ క్రిటికల్ యూనిట్లు. పీడనం 221 బార్లు, ఉష్ణోగ్రత 374 డిగ్రీలు దాటిన పిమ్మట నీటికీ ఆవిరికీ మధ్య హద్దు చెరిగిపోతుంది. రెంటినీ వేరు చేసే డ్రమ్ముతో ఆ బాయిలరుకు పని ఉండదు. డ్రమ్ము బాయిలర్లతోనే సగం జీవితం గడిపిన మాకు అది కొత్త విద్య. టర్బైన్లు రష్యా నుండి, బాయిలర్లు దక్షిణ కొరియాకు చెందిన దూసాన్ సంస్థ నుండి వచ్చాయి. యంత్రాలతో పాటు మనుషులూ వచ్చారు. అలా బాయిలరు పనుల పర్యవేక్షణకు వచ్చిన కొరియా ఇంజనీర్లలో ఒకరితో నాకు స్నేహం కుదిరింది.

పరిచయమైన మొదటి రోజుననే అతడు నా వయస్సు అడిగాడు. నేను కొంత ఆశ్చర్యపోయాను. వారి భాషలో ఎదుటివారి వయస్సు తెలియనిదే ఏ మాటతో సంబోధించాలో తేలదట. నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడినని తెలుసుకొని, ఆ క్షణం నుండి నన్ను 'హ్యోంగ్‌నిమ్' అని పిలవసాగాడు. 'అన్నగారూ' అని అర్థం. ప్రతి ఉదయం అతని తొలి పలకరింపు, "అన్నం తిన్నారా?" అనే. వచ్చీరాని ఇంగ్లీషులో అడిగేవాడు. కొరియా భాషలో 'బాప్' అంటే వండిన అన్నం. భోజనానికీ అదే మాట. మనం పూరీలు తిన్నా, ఉప్మా తిన్నా 'అన్నం తిన్నారా' అనే అడుగుతాం కదా! ఆ మాట చెప్పి, తెలుగులో ఎలా అడగాలో నేర్పాను. వారం తిరిగేసరికి నా తెలుగు పలకరింపు నాకే అప్పజెప్పాడు.

ఆ ఏడు ఉగాదికి అతనిని మా క్వార్టరుకు భోజనానికి పిలిచాను. అప్పటికి మా అమ్మ మా వద్దనే ఉండేది. గుంటూరు జిల్లా మనిషి. "పాపం, పరదేశి పిల్లవాడు, కారం తట్టుకోలేడు" అంటూ పప్పూ నెయ్యీ ముందుకు జరిపింది. అతడు మాత్రం విస్తరి మూలనున్న ఆవకాయకేసి చూశాడు. కలుపుకొని తిన్నాడు. నుదుట చెమట పట్టినా ఆగలేదు. రెండవసారి, రెండు చేతులూ చాచి, అమ్మ ముందు తల వంచి అడిగి వేయించుకొన్నాడు. పెద్దల చేతి నుండి ఏదైనా అందుకొనేటప్పుడు అలా రెండు చేతులూ పట్టడం వారి సంప్రదాయమని ఆనాడు మాకు తెలియదు. "ఎంత అణకువ గల పిల్లవాడు నాయనా!" అని అమ్మ పొంగిపోయింది.

ఇక నేను చెప్పుకోవలసిన విషయానికి వస్తాను. అది బాయిలరు హైడ్రాలిక్ పరీక్ష జరిగిన చలికాలపు రాత్రి. మన బాయిలర్ల నిబంధనల ప్రకారం డిజైను పీడనానికి ఒకటిన్నర రెట్లు నీటి పీడనం పెట్టి, వేలాది వెల్డింగు అతుకులలో ఎక్కడా ఒక్క చుక్క కారకుండా ఉన్నదని నిరూపించాలి. టార్చిలైట్లు పట్టుకొని అతడూ నేనూ అంతస్తు తరువాత అంతస్తు ఎక్కుతూ తెల్లవార్లూ తిరిగాం. ఉదయానికి పరీక్ష నెగ్గింది. అలసిపోయి ఒక ఇనుప మెట్లవరుస మీద కూర్చొన్నాం. అతడు సంచిలో నుండి స్టీలు డబ్బా తీసి మూత తెరిచాడు. అన్నం, ప్రక్కన ఎర్రగా కిమ్చీ. ఆ పులిసిన వాసన, వెల్లుల్లి ఘాటు ఒక్కసారిగా నన్ను తాకాయి. అతడు రెండు చేతులతో డబ్బా నా ముందుకు చాచి, తెలుగులోనే అడిగాడు: "అన్నగారూ, అన్నం తిన్నారా?"

ముందు రోజు సాయంకాలం నుండి నా కడుపులో టీ తప్ప మరేదీ లేదు. అయినా, "తిన్నాను" అన్నాను.

నేను శాకాహారిని కాను. నియమభంగమని చెప్పుకోవడానికి కూడా వీలు లేదు. ఆ వాసన గిట్టలేదు. అందులో ఏమి కలిసిందోనని శంక. అంతే. అతడు నా ముఖం చూశాడు. బహుశా ముక్కు చిట్లించి ఉంటాను. ఏమీ అనలేదు. మూత పెట్టి, లేచి, గాలి నా వైపు వీచని చోటికి, ప్లాట్‌ఫారం ఆ చివరకు వెళ్ళి ఒంటరిగా కూర్చొని తిన్నాడు. ఆ తరువాత మరో రెండేళ్ళు కలిసి పనిచేశాం. ఎప్పటివలెనే నవ్వుతూ పలకరించేవాడు. కాని నా ఎదుట తన డబ్బా మూత మాత్రం మళ్ళీ తెరవలేదు.

యూనిట్లు నడిచాయి, అతడు స్వదేశం వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు అమ్మకు పాదాభివందనం చేసి వెళ్ళాడు. ఆ సాయంత్రం అమ్మ అడిగింది: "ఆ పిల్లవాడు మన ఇంట చేయి కడిగాడు. నువ్వు వాళ్ళ చేతి ముద్ద తిన్నావా?" నేను జవాబు చెప్పలేదు. అమ్మ 2016లో పోయింది. ఆ ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది.

మా అమ్మాయి గురుగ్రాంలో ఉద్యోగం చేస్తున్నది. సీపత్‌లో ఉజ్జ్వల్ నగర్ టౌన్‌షిప్పులో పెరిగిన పిల్ల. ఈ తరం వారందరి వలె కొరియా ధారావాహికలు విడవకుండా చూస్తుంది. గత శీతకాలంలో ఆఫీసు పని మీద నోయిడా వెళ్ళినప్పుడు నా శ్రీమతి కూడా వచ్చింది. శనివారం రాత్రి మమ్మల్ని గ్రీన్ పార్కులోని 'గుంగ్ ద ప్యాలెస్' అనే కొరియా భోజనశాలకు తీసుకొనిపోయింది. 'గుంగ్' అంటే రాజప్రాసాదమట. ముందుగా చెప్పి ఉంచనిదే బల్ల దొరకడం కష్టమని చెప్పింది. పాదరక్షలు విడిచి, నేలపై ఆసనాల మీద కూర్చొన్నాం. నా మోకాళ్ళు కొంచెం మూలిగినా, పంక్తి భోజనాలు జ్ఞాపకం వచ్చి మనస్సు తేలికపడింది.

ముందుగా చిన్న చిన్న గిన్నెలు వరుసగా వచ్చాయి. వాటిని 'బాన్‌చాన్' అంటారు. నువ్వుల నూనెతో కలిపిన పాలకూర, మొలకలు, ముల్లంగి, ఆకుకూరలు. అన్నంలోకి నంజుకోవడానికి వచ్చే ఈ ఆధరువులకు కొరియాలో వేరే వెల కట్టరట. అయిపోతే మారు వడ్డిస్తారట. మన భోజన హోటళ్ళ మర్యాదే. అన్నం మూత ఉన్న స్టీలు గిన్నెలో; పుల్లలూ లోహంవే, పొడుగు చెంచా కూడా. చైనా, జపానుల వలె చెక్క పుల్లలు కావు. శ్రీమతికి శనివార నియమం గనుక మాంసమూ గుడ్డూ లేకుండా 'బిబింబాప్' చెప్పాం. అన్నం మీద రంగురంగుల కూరలు పేర్చి, 'గోచుజాంగ్' అనే ఎర్రని ముద్ద వేసి, అంతా కలిపి తినాలి. మిరపపొడి, జిగురు బియ్యం, సోయా గింజలు కలిపి నెలల తరబడి పులియబెట్టిన ముద్ద అది. "ఏమండీ, ఇది కలిపిన అన్నమే కదా! పేరొక్కటే కొత్త" అన్నది శ్రీమతి.

"నాన్నా, నువ్వు ముందు చెంచా పట్టుకోవాలి. పెద్దవాళ్ళు మొదలుపెట్టనిదే వాళ్ళ దేశంలో ఎవరూ తినరు" అన్నది అమ్మాయి. నేను చెంచా పట్టుకోలేదు. ఎదుట కిమ్చీ గిన్నె ఉన్నది. అదే ఎరుపు, అదే వాసన. నా మెట్లవరుస, ఆ చలి ఉదయం, రెండు చేతులలో స్టీలు డబ్బా కళ్ళ ముందు నిలిచాయి. ఒక ముక్క తీసి నోట పెట్టుకొన్నాను.

ఆవకాయ వలె ఉన్నదని చెబితే అబద్ధమవుతుంది. నూనె లేదు, ఆవ ఘాటు లేదు. క్యాబేజీ కరకరలాడింది, ముందు పులుపు, వెనుక కారం, చివర వెల్లుల్లి. కాని జాడీ మూత తీసి, మూడవనాడు ఊరగాయ తిరగకలిపేటప్పుడు మా వంటింట నిండే ఆ ఊరిన వాసన ఏదో అందులో ఉన్నది. ఇన్నాళ్ళూ నేను దుర్వాసన అనుకొన్నది, మరొక ఇంటి జాడీ వాసన. అమ్మాయి గాభరాగా, "కారం ఎక్కువైందా నాన్నా?" అని అడిగింది. అవునన్నాను. కళ్ళు తుడుచుకోవడానికి అంతకంటే మర్యాదైన కారణం దొరకలేదు. ఆ పిమ్మట జరిగిందంతా చెప్పాను. ఇద్దరూ చాలాసేపు మాట్లాడలేదు. బిల్లు 1991లో నేను అందుకొన్న తొలి నెల జీతాన్ని మించింది. ఆనాడు ఇనుప మెట్ల మీద అదే రుచి నాకు ఉచితంగా లభించింది.

తిరిగి వచ్చిన తరువాత, ఇంజనీరు బుద్ధి గనుక, ఈ విషయం కొంత చదివాను. శీతకాలానికి ముందు ఊరంతా కలిసి ఆ చలి నెలలకు సరిపడా కిమ్చీ పెట్టుకోవడాన్ని కొరియాలో 'కింజాంగ్' అంటారు. ఇరుగుపొరుగు వారు, అత్తాకోడళ్ళు కూర్చొని క్యాబేజీ రేకుల నడుమ కారం పూసి, పెద్ద మట్టి జాడీలలో నింపి, మంచుకు గడ్డకట్టకుండా భూమిలో పాతిపెట్టేవారు. ఈ ఆచారాన్ని 2013లో యునెస్కో మానవజాతి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. మన పండుగ అడ్వాన్సు వలె, ఒకప్పుడు అక్కడి కంపెనీలు ఉద్యోగులకు కింజాంగ్ బోనసు కూడా ఇచ్చేవట! ఎండాకాలంలో మన ఇండ్లలో ఆవకాయ పెట్టే సందడికీ, దీనికీ ఋతువు తప్ప తేడా ఏమున్నది? కిమ్చీని పులియజేసే సూక్ష్మజీవుల కుటుంబమే మన దోసెల పిండినీ పులియజేస్తున్నది. ఛత్తీస్‌గఢ్ రైతు ఉదయాన్నే తినే బోరే బాసీ, మన చద్దన్నం కూడా ఆ కోవలోనివే. ఇక మిరప సంగతి మరీ విచిత్రం. అది అమెరికా ఖండాల మొక్క. పోర్చుగీసు ఓడలలో మన తీరానికి చేరింది. కొరియాకు చేరింది ఆ తరువాతే. అంతకు పూర్వం కిమ్చీలోనూ కారం లేదు, గుంటూరులోనూ కారం లేదు. ఎక్కడి నుండో వచ్చిన దానిని ఇద్దరం మాదేనని కౌగిలించుకొన్నాం. అదే కారం పూసుకొని ఎదుట నిలిచిన మనిషిని నేను దూరం పెట్టాను.

ఈ ఎడమూ ఇప్పుడు తగ్గుతున్నది. 2019లో పెనుకొండ వద్ద కియా కార్ల ఉత్పత్తి మొదలైనప్పటి నుండి రాయలసీమ నేల మీదనే కొరియా వంటకాలు వండే భోజనశాలలు వెలిశాయి. అక్కడి మన పిల్లలు నాకంటే తెలివిగా ప్రవర్తిస్తారని ఆశిస్తున్నాను.

కొరియాలోని ఆ మిత్రునికి అతని పాత కార్యాలయపు చిరునామాకు ఒక ఉత్తరం రాశాను. ఆ సంస్థ పేరు 2022లో దూసాన్ ఎనర్‌బిలిటీగా మారింది. అతడు ఇంకా అక్కడ పనిచేస్తూ ఉండకపోవచ్చు కూడా. ఉత్తరంలో క్షేమ సమాచారాల తరువాత ఒక్క వాక్యమే రాశాను: 'తమ్ముడూ, ఆ రోజు ఉదయం నేను అన్నం తినలేదు.' ఇంతవరకు జవాబు రాలేదు.

మా పై వాటాలో నాగాలాండ్ నుండి వచ్చిన యువ ఇంజనీరు దంపతులు ఉంటున్నారు. ఆదివారాలలో పులియబెట్టిన సోయా గింజలతో వారు వండుకొనే అఖునీ కూర వాసన మెట్ల మీదుగా దిగి వస్తుంది. ఏడాదిగా ఆ వేళకు మా వంటింటి కిటికీ మూసివేయడం అలవాటు. ఢిల్లీ నుండి వచ్చిన తరువాతి ఆదివారం శ్రీమతి కిటికీ మూయబోతుంటే వద్దన్నాను. చిన్న సీసాలో ఆవకాయ పెట్టించుకొని పైకి వెళ్ళి తలుపు తట్టాను. ఆ అబ్బాయి తలుపు తీసి, కంగారుగా, "సార్, వాసన వస్తోందా? క్షమించండి" అన్నాడు.

"వస్తోంది. అందుకే వచ్చాను. నేనింకా అన్నం తినలేదు" అన్నాను.

మన విద్యుత్ కేంద్రాలలో దేశం నలుమూలల నుండి వచ్చిన వారం ఒకే యంత్రం చుట్టూ బ్రతుకుతున్నాం. ఒకరి డబ్బా మూత తెరుచుకొన్నప్పుడు రెండవవారి ముఖం ఎలా ఉంటుందో, ఆ తెరిచినవారు జీవితాంతం జ్ఞాపకం పెట్టుకొంటారు. నా వలె ఏళ్ళు ఆగకుండా, తోటివారు అడిగినప్పుడే ఒక ముద్ద తినవలసిందిగా పాఠక మిత్రులకు నా మనవి.