కొండెక్కినందుకు జైలుకెళ్లారు!

ఇంగ్లండ్‌ వెళ్లినవాళ్లు ఏం చూశారంటే లండన్‌ టవర్‌ బ్రిడ్జి, బకింగ్‌హామ్‌ ప్యాలెస్‌, ఎర్ర బస్సులు అని చెబుతారు. పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలూ అక్కడే ఫొటోలు దిగి వచ్చేస్తారు. ఆ దేశం అసలు అందం చూడాలంటే మాత్రం ఓ రోజు తీరిక చేసుకుని, గట్టి బూట్లు తొడుక్కుని పల్లెబాట పట్టాల్సిందే.

పొలాల్లోంచి, గొర్రెల మందల మధ్య నుంచి వెళ్లే కాలిబాటలు ఇంగ్లండ్‌, వేల్స్‌లలో కలిపి దాదాపు 2.25 లక్షల కిలోమీటర్లు ఉన్నాయి. మన పుంతలు, డొంకల్లాగే ఇవీ తరతరాల నాటివి. పొలం ఎవరిదైనా సరే, బాట మీద నడిచే హక్కు అందరిదీ. దానికి అడ్డంగా కంచె వేసి మూసెయ్యడానికి వీల్లేదు. కంచె ఉన్నచోట దాటడానికి చెక్కమెట్లో, ఒక్కొక్కరే పట్టే చిన్న గేటో కచ్చితంగా ఉంటుంది. పక్కనే గుంజ మీద పసుపు బాణం గుర్తు దారి చూపిస్తుంది.

బాటల సంగతి సరే, కొండల మీద స్వేచ్ఛగా తిరిగే హక్కు మాత్రం ఒకప్పుడు లేదు. అది జనం పోరాడి సాధించుకున్నది. ఆ కథ తెలియాలంటే కిండర్‌ స్కౌట్‌ ఎక్కాలి.

రైలు దిగితే కొండే

మాంచెస్టర్‌, షెఫీల్డ్‌ నగరాల మధ్య నడిచే రైలెక్కి ఈడేల్‌ అనే చిన్న స్టేషన్లో దిగాలి. చుట్టూ పచ్చటి లోయ, ఎదురుగా కొండ. ఊళ్లోని ఓల్డ్‌ నాగ్స్‌ హెడ్‌ అనే పాతకాలపు పబ్‌ దగ్గరే ‘పెన్నైన్‌ వే’ మొదలవుతుంది. స్కాట్లండ్‌ దాకా 431 కిలోమీటర్లు సాగే నడకదారి ఇది. మనకు అంతదూరం అక్కర్లేదు, ఒక్కరోజు నడక చాలు.

మొదట్లో దారంతా గడ్డి మైదానాలే. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలు కొండవాలు పొడవునా కనిపిస్తాయి. అప్పర్‌ బూత్‌ అనే పల్లె దాటాక జేకబ్స్‌ ల్యాడర్‌ అనే రాతిమెట్లు వస్తాయి. కొండ ఎత్తు 636 మీటర్లే. అంటే తిరుమల కన్నా తక్కువ. అయినా మెట్లు ఎక్కేసరికి ఆయాసం రాక మానదు!

పైకి వెళ్లాక దృశ్యం ఒక్కసారిగా మారిపోతుంది. చెట్టూచేమా లేని విశాలమైన బయలు. గాలి కోసిన వింత ఆకారాల బండలు. కాలికింద నల్లటి మెత్తటి నేల. వేల ఏళ్లుగా నాచు, మొక్కలు కుళ్లి పేరుకున్న ఈ నేలను పీట్‌ అంటారు. మిల్లుల పొగ వల్ల కురిసిన ఆమ్లవర్షాలకు ఇక్కడి నాచు చచ్చిపోయి నేల కోసుకుపోయింది. 2003 నుంచి ఈ ప్రాంతపు కొండల మీద మళ్లీ నాచు, గడ్డి నాటుతున్నారు. పెన్నైన్‌ వేలో మరీ బురదగా ఉన్నచోట్ల మూతపడ్డ మిల్లుల బండలు తెచ్చి పరిచారు.

అంచు వెంటే నడిస్తే కిండర్‌ డౌన్‌ఫాల్‌ వస్తుంది. 30 మీటర్ల జలపాతం. పడమటి గాలి బలంగా వీస్తే కిందికి దూకాల్సిన నీరు తుంపరలై పైకి ఎగురుతుంది!

ఆ ఆదివారం...

వందేళ్ల క్రితం ఈ కొండ జమీందార్ల సొంతం. గ్రౌజ్‌ అనే కోడిజాతి పక్షుల వేట కోసం దాన్ని అట్టేపెట్టుకున్నారు. వారమంతా మిల్లుల్లో పనిచేసి, ఆదివారం కాస్త మంచిగాలి పీల్చుకుందామని వచ్చే కార్మికుల్ని కాపలాదార్లు తరిమేసేవారు.

1932 ఏప్రిల్‌ 24 ఆదివారం. కొండకు అవతలి వైపున్న హేఫీల్డ్‌ ఊరి చివర, రాతి క్వారీ దగ్గర దాదాపు 400 మంది పోగయ్యారు. వాళ్లను నడిపించిన బెన్నీ రోత్‌మన్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు. విలియం క్లఫ్‌ అనే వాగులోయ మీదుగా అంతా కొండెక్కారు. కాపలాదార్లతో తోపులాట జరిగింది. తిరిగి వచ్చేసరికి పోలీసులు సిద్ధంగా ఉన్నారు. పరాయి నేల మీద నడవడం అప్పటి చట్టం ప్రకారం జైల్లో పెట్టేంత నేరం కాదు. అందుకని అల్లర్లు, దాడి అంటూ కేసులు పెట్టారు. అయిదుగురికి రెండు నుంచి ఆరు నెలల జైలుశిక్ష పడింది.

శిక్ష విన్నవాళ్లు మండిపడ్డారు. నడకను పెద్దగా పట్టించుకోనివాళ్లూ కార్మికుల పక్షాన నిలిచారు. 1949లో జాతీయ పార్కుల చట్టం వచ్చింది. 1951లో బ్రిటన్‌లోనే మొదటి జాతీయ పార్కుగా ఈ పీక్‌ డిస్ట్రిక్ట్‌ను ప్రకటించారు. 2000లో చేసిన చట్టంతో కొండలు, బీడుభూముల్లో బాట వదిలి నడిచే హక్కు కూడా దక్కింది. అయితే ఆ హక్కు వర్తించేది ఇంగ్లండ్‌ నేలలో నూటికి ఎనిమిది వంతులకే. మిగతా చోట్ల కూడా కావాలని నడకప్రియులు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

నాటి జమీందార్లలో డెవన్‌షైర్‌ డ్యూక్‌ ఒకరు. 2002లో జరిగిన 70 ఏళ్ల వేడుకకు ఆయన మనవడు వచ్చి, తాత చేసినదానికి అందరి ముందూ క్షమాపణ చెప్పాడు.

జలపాతం దాటి విలియం క్లఫ్‌ గుండా దిగితే హేఫీల్డ్‌ క్వారీకి చేరతాం. ఇప్పుడది కార్‌పార్కింగ్‌. రాతిగోడకు ఆనాటి సంగతి చెప్పే ఫలకం ఉంది. దాని ముందే పిల్లలు బూట్ల తాళ్లు బిగించుకుని కొండవైపు పరుగెడుతుంటారు. ఆపేవాళ్లెవరూ ఉండరు.

వెళ్లాలంటే...

మాంచెస్టర్‌ నుంచి ఈడేల్‌కు రైల్లో ముప్పావుగంట పడుతుంది. హేఫీల్డ్‌ నుంచి పాత రైలుమార్గం మీద వేసిన బాటలో నాలుగు కిలోమీటర్లు నడిస్తే న్యూమిల్స్‌. అక్కడే తిరుగు రైలు ఎక్కొచ్చు. మొత్తం నడక 20 కిలోమీటర్ల పైచిలుకు కాబట్టి పొద్దున్నే బయల్దేరాలి. ఆగస్టులో వెళితే కొండంతా ఊదారంగు హెదర్‌ పూలు. ఎండ కాస్తున్నా వానకోటు, మ్యాపు దగ్గరుంచుకోవాలి. పైన పొగమంచు కమ్మితే దారి తెలీదు. మూసి ఉన్న గేటు దాటాక మళ్లీ మూసెయ్యడం మరవొద్దు!